దేవయాని చేచ్చి మీద హర్తాళ్

ఈ కథలో మొదటి తప్పు నాదే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

నా పేరు వత్సల. కొల్లం దగ్గరి కుందరలో, ముక్కడ జంక్షన్ దగ్గర, బస్సులు ఆగే చోట, చెక్కబల్ల మీద లాటరీ టికెట్లు పరిచి అమ్ముతాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక మాలో కొందరు ఇళ్ళలో కూర్చున్నారు, కొందరు ఉపాధి పనికి వెళ్ళారు, ఆరుగురం టికెట్లు పట్టుకుని రోడ్డెక్కాం. జీడి నూనె మరక చేతులకు పడితే ఇక పోదు. ఆ నల్లటి చేతులతో ఇచ్చిన టికెట్‌కు అదృష్టం పడుతుందని ఎవరు పుట్టించారో గానీ, నా హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరొచ్చింది. మూడేళ్ళ కింద నా దగ్గర కొన్న ఒక బస్సు కండక్టర్‌కు లక్ష తగిలింది. అంతే, మా ఏజెంట్ బేబిచ్చన్ నా పాస్‌పోర్ట్ ఫొటోను నిలువెత్తు ఫ్లెక్సీ చేయించి జంక్షన్‌లో కట్టించాడు. అది చూసి నా మనవరాలు జడుసుకుంది. నా దగ్గర కొని పోగొట్టుకున్నవాళ్ళ ఫొటోలు కూడా కట్టాలంటే కుందర నుంచి కొల్లం దాకా స్తంభాలు చాలవు. ఆ మాట బేబిచ్చన్‌తో అంటే, "చేచ్చి భలే తమాషా మనిషి" అని నవ్వేవాడు. మా వైపు అక్కని చేచ్చి అంటారు, అన్నని చేట్టా అంటారు.

బేబిచ్చన్ చూడడానికి చెడ్డవాడిలా ఉండడు. అదే వచ్చిన చిక్కు. తెల్లటి ముండు పంచె, మడత నలగని చొక్కా, ఎదురుపడితే ముందు తనే పలకరిస్తాడు, క్రిస్మస్‌కు ఇంటింటికీ కేకు పంపిస్తాడు. ఎవరికైనా ఐదొందలో వెయ్యో చిన్న బహుమతి తగిలి డబ్బు కోసం కొట్టుకు వెళ్తే, "డబ్బెందుకు చేట్టా, వస్తున్న అదృష్టాన్ని మధ్యలో ఆపకూడదు" అంటూ దానికి సరిపడా టికెట్లే చేతిలో పెడతాడు. పుచ్చుకున్నవాడు నవ్వుకుంటూనే పోతాడు. సాయంత్రానికి ఆ టికెట్లు చెత్తబుట్టలో ఉంటాయి. టికెట్ మీద సర్కారు ముద్ర ఉంటుంది కాబట్టి దాన్ని జూదమని ఎవరూ అనరు. మేమూ అనలేదు.

ఓణం బంపర్ టికెట్లు వచ్చిన వారం బేబిచ్చన్ నన్ను కొట్టు లోపలికి పిలిచి, చాయ, పళంపొరి అనే అరటిపండు బజ్జీ తెప్పించి, ఫ్యాను నా వైపు తిప్పాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"ఫ్యాక్టరీలో మీకు ఒక్కొక్కరికీ ఒక నంబర్ ఉండేదట కదా, చేచ్చీ?"

ఉండేది. మా పేర్లు గేటు బయటే ఆగిపోయేవి. లోపల మెడలో వేసుకున్న తగరపు బిళ్ళ మీది నంబరే మేం. మేస్త్రి పిలిచినా అదే, తూకం దగ్గర రాసినా అదే.

"మనిషి దేన్నైనా మర్చిపోతాడు గానీ తన నంబర్ని మర్చిపోడు. మీ ఫ్యాక్టరీలో మూడొందల మంది ఆడవాళ్ళు. ఎవరి నంబరేదో ఒక పుస్తకంలో రాసివ్వు. ఆ నంబర్‌తో ముగిసే టికెట్లు ఏ జిల్లాలో ఉన్నా నేను తెప్పిస్తాను. నువ్వు ఫోన్ చేసి 'నీ నంబర్ వచ్చింది' అను. అంతే. కొనమని అడగనే వద్దు."

రాసిచ్చాను. నన్ను తెలివైనదాన్నని పొగిడితే నేను ఏదైనా చేస్తాను, అది నా రోగం. నాలుగు రోజుల్లో నూట నలభై మంది నంబర్లు పోగేశాను. బేబిచ్చన్ చెప్పినట్టే, ఎవరినీ కొనమని అడగాల్సిన అవసరం రాలేదు. నంబర్ చెప్పగానే అవతల ఫోన్‌లో ఊపిరి ఆగేది, గంటలో మనిషి నా బల్ల ముందుండేది. ఐదొందల రూపాయల టికెట్ అది. కొందరు దాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చారు. నేను కూడా కళ్ళు తుడుచుకుని తర్వాతి నంబర్‌కు ఫోన్ కలిపాను.

ఆ పుస్తకంలో మొదటి పేరు దేవయాని చేచ్చిది. నంబర్ 2184.

దేవయాని చేచ్చి నాకంటే పదేళ్ళు పెద్ద. చేతిలో కర్ర, కింద రాయి, మధ్యలో గింజ. ఒక్క దెబ్బకు పప్పు విరగకుండా బయటికొచ్చేది. నాకు పని నేర్పింది ఆమే. సమ్మెలో లారీకి అడ్డంగా పడుకున్నది ఆమే. ఆమె మొగుడు పోయి పన్నెండేళ్ళు, పిల్లలు లేరు. ఫ్యాక్టరీ పోయాక అమ్మిణి అనే ఆవును కొనుక్కుంది. పూటకు ఐదు లీటర్లు, పాల సొసైటీలో ఆమె పాలకే చిక్కదనం ఎక్కువని పేరు. ఆ ఆవు మీదే ఆమె బతుకు. అలాంటి మనిషి రోజూ తేలే చిన్న లాటరీల్లో మొదట రోజుకొక టికెట్ కొంది, తర్వాత ఐదు, నా ఫోన్ వెళ్ళాక పది. చెవి కమ్మలు పోయాయి. చెక్కబీరువా పోయింది. ప్రతిసారీ నా దగ్గరే కొంది. ఒక్క అంకెలో తప్పిపోయినప్పుడల్లా, "దగ్గరికొచ్చిందే, ఇంకాస్తలో పట్టుకుంటాను" అని ఉత్సాహంగా వెళ్ళేది. అది దగ్గరా కాదు, దూరమూ కాదు, ఒట్టి అబద్ధమని నాకు తెలుసు. చెప్పలేదు.

ఒక సోమవారం పొద్దున ఆమె తలకు నూనె రాసుకుని, నుదుట చందనం పెట్టుకుని వచ్చింది.

"వత్సలా, బేబిచ్చన్ నాకోసం వంద టికెట్లు కట్ట కట్టాడే. బంపర్‌వి. అన్నీ నా నంబర్‌తో ముగిసేవే. తగిలితే వందా ఒకేసారి తగులుతాయట."

"తగలకపోతే వందా ఒకేసారి పోతాయి" అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అంత డబ్బెక్కడిది చేచ్చీ?"

"గురువారం పశువుల బేరగాడు కుట్టప్పన్ వస్తాడు. ఆవును తోలుకెళ్తాడు." ఏదో బెండకాయలు అమ్ముతున్నట్టు చెప్పింది. "టికెట్లు నీ చేత్తోనే ఇప్పించమన్నాను. నీ హస్తవాసి మంచిది. కమీషన్ కూడా నీకే."

అబద్ధం చెప్పను. ఆ కమీషన్‌తో ఇంటికప్పు రేకులు మార్చొచ్చని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"ముప్పై ఏళ్ళు ఆ నంబర్ని నేను మోశాను. ఒక్కసారైనా అది నన్ను మోయదా?" అంది దేవయాని చేచ్చి. తర్వాత గొంతు తగ్గించింది. "నిన్నటి నుంచి ఆవును పేరుతో పిలవడం మానేశానే. పిలిస్తే కదిలి వెళ్ళదు."

ఆవును పేరుతో పిలవని దేవయానిని నేను తయారుచేశాను.

"నేనివ్వను చేచ్చీ."

"ఏంటే?"

"టికెట్లు. నేనివ్వను."

"ఇవ్వకపోవడానికి నువ్వెవరివే? సర్కారు టికెట్, నా డబ్బు."

"టికెట్ సర్కారుదే. బల్ల నాది."

నన్ను ఎగాదిగా చూసి, కొంగు దులుపుకుని, పక్క బల్ల అయిషా బీవి దగ్గరికి నడిచింది. నేను ఆమెకంటే ముందు పరుగెత్తి, "బీవీ, దేవయాని చేచ్చికి ఏమీ అమ్మకు, మధ్యాహ్నం చెప్తాను" అన్నాను. అయిషా బీవి ఎందుకని అడగలేదు. తువ్వాలు తీసి బల్ల మీద కప్పేసింది.

మధ్యాహ్నం బస్ షెల్టర్ వెనక ఆరుగురం అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. నేను చేసిన పని, నంబర్ల పుస్తకంతో సహా, అంతా చెప్పేశాను. సులోచన మూడు చక్రాల బండి మీద టికెట్లు అమ్ముతుంది, మాలో నోరున్న మనిషి. ఆమే ముందుగా అంది.

"మనం ఇవ్వకపోతే ఇంకొకడు ఇస్తాడు వత్సలా. ఎవరికి నష్టం?"

"ఆ మాట చెప్పుకునే కదే ఇన్నాళ్ళూ మనం అన్నం తింటున్నది" అంది అయిషా బీవి, చేప ముల్లు తీసి పక్కన పెడుతూ.

తర్వాత అయిషా బీవే మళ్ళీ అంది.

"హర్తాళ్ చేద్దాం."

"ఎవరి మీద? సర్కారు మీదా?"

"దేవయాని మీద."

సులోచనకు నవ్వాగక పొలమారింది. మేం ధరల మీద చేశాం, ఫ్యాక్టరీ యజమానులైన ముదలాళుల మీద చేశాం, ఢిల్లీ మీద కూడా చేశాం. ఒక్క ఆడమనిషి మీద హర్తాళ్ చేసిన చరిత్ర మా జిల్లాలో లేదు. అయినా ఆరు చేతులూ లేచాయి. సులోచనవి రెండు చేతులూ లేచాయి.

రెండు రోజులు ముక్కడ జంక్షన్ ఆ తమాషా చూసింది. దేవయాని చేచ్చి రావడం, మేం బల్లలకు తువ్వాళ్ళు కప్పడం. సమ్మెలో దొంగచాటుగా పనికెళ్ళే ద్రోహిని మేం కరింకాలి అంటాం. అంతకు మించిన తిట్టు మాకు లేదు.

"కరింకాలులారా! నేను లారీ కింద పడుకుంటే మీకు బోనస్ వచ్చింది. నాకు వచ్చేటప్పుడు బల్లలు మూస్తారా?"

"తిట్టు చేచ్చీ, తిట్టు. తిట్లకు టికెట్ అక్కర్లేదు" అనేది సులోచన.

బుధవారం సాయంత్రం బేబిచ్చన్ మా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, నవ్వుతున్నాడు.

"మీకు వద్దంటే మానేయండి చేచ్చీ. రేపు పొద్దున నేనే ఇంటికి తీసుకెళ్ళి ఇస్తాను. ముసలావిడను ఎండలో తిప్పడం ఎందుకు?"

ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఫ్యాక్టరీలో తూకం పళ్ళెం గుర్తొచ్చింది. ఒకసారి తూకంలో మోసం చేస్తున్నారని తెలిసి, దేవయాని చేచ్చి మెడలో బిళ్ళ తీసి ఆ పళ్ళెంలో వేసింది. ఆమె వెనక రెండోది, మూడోది, చివరికి మూడొందల బిళ్ళలూ పడ్డాయి. ఎవరం అరవలేదు. బిళ్ళలు వేసి గేటు బయట కూర్చున్నాం. మూడో రోజుకు కొత్త తూకం వచ్చింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆరుగురం దేవయాని చేచ్చి వాకిట్లోకి వెళ్ళాం. కుట్టప్పన్ చేతిలో కొత్త పగ్గంతో నిలబడి ఉన్నాడు. బేబిచ్చన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పసుపు కవరు పెట్టుకున్నాడు. దేవయాని చేచ్చి ఉతికిన ముండూ, పైన నేరియతు కండువా కట్టుకుని గుడికి బయలుదేరినట్టుంది. ఆవు ఇవేమీ పట్టనట్టు గడ్డి నములుతోంది.

"వచ్చారా చూడడానికి" అంది చేచ్చి.

సంచిలోంచి నా వాటా బంపర్ టికెట్లు, అమ్ముడుపోనివన్నీ తీసి బేబిచ్చన్ ఒళ్ళో పెట్టాను. అయిషా బీవి తనవి పెట్టింది. తర్వాత మిగతా ముగ్గురూ. ఆఖరుకు సులోచన బండి గడప దాకా వచ్చింది, కట్ట కిందికి జారి బేబిచ్చన్ చెప్పుల మీద పడింది.

"ఏంటిది చేచ్చీ?"

"నీ టికెట్లు. మాకొద్దు. నువ్వే అమ్ముకో."

లాటరీ ఆఫీసు ఏజెంట్‌కు ఒకసారి ఇచ్చిన టికెట్‌ను వెనక్కి తీసుకోదు. డ్రాకు ఇంకా వారమే ఉంది. బేబిచ్చన్ తెచ్చిన బంపర్‌లో సగం మా ఆరు బల్లల మీదే అమ్ముడుపోవాలి. అతని నవ్వు మొదటిసారి ఒక పక్కకు జారింది.

"ఇలా మధ్యలో వదిలేస్తే నేనేమైపోవాలి?"

"జంక్షన్‌లో నా ఫ్లెక్సీ ఉందిగా. దాన్ని అమ్మమను."

"మీకేం కావాలో చెప్పండి."

"ఆ కవరు నీ జేబులో పెట్టుకో" అన్నాను. "నేను రాసిచ్చిన పుస్తకం నాకిచ్చెయ్."

"చిన్న బహుమతులు తగిలినవాళ్ళకు ఇకపై డబ్బే ఇవ్వాలి. టికెట్లు కాదు" అంది అయిషా బీవి.

బేబిచ్చన్ తెలివైనవాడు. మాతో వాదించలేదు. కుర్చీని దేవయాని చేచ్చి వైపు తిప్పుకున్నాడు.

"చూశారా చేచ్చీ, మీ అదృష్టానికి ఎవరు అడ్డం పడుతున్నారో. డబ్బు కుట్టప్పన్ దగ్గర ఉంది, టికెట్లు నా దగ్గర ఉన్నాయి. మీరు ఊఁ అంటే చాలు."

అందరం ఆమె వైపు చూశాం. ఆమె ముఖం కోపంతో కందిపోయింది. ఆ కోపం మా మీదే.

"నా నంబర్ తగిలితే జవాబు ఎవరు చెప్తారే? ఆరుగురిలో ఎవరు?"

"నేను" అన్నాను. "తగిలితే బతికినంత కాలం నీ కొట్టంలో పేడ ఎత్తుతాను. కాగితం మీద వేలిముద్ర కూడా వేస్తాను."

ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది.

"తగలకపోతే?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. నా నోటా రాలేదు, బేబిచ్చన్ నోటా రాలేదు. మా వ్యాపారం నిలబడ్డదే ఆ మాట ఎవరూ అనకపోవడం మీద. అన్నాక ఆమెకే వింతగా అనిపించినట్టుంది, ఇంకోసారి అంది, ఈసారి బేబిచ్చన్‌తో.

"తగలకపోతే ఏంటి ముదలాళీ?"

"అదేంటి చేచ్చీ, లాటరీ కదా... దేవుడి దయ..."

"దేవుడి సంగతి నేను చూసుకుంటాను. తగిలితే ఈమె పేడ ఎత్తుతానంటోంది. తగలకపోతే నువ్వేం ఎత్తుతావని అడుగుతున్నా."

బేబిచ్చన్ ఒళ్ళోని టికెట్లు సర్దుకున్నాడు. కుట్టప్పన్ పగ్గాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు, పాపం అతనికి బేరం పోతోందన్న స్పృహ కూడా లేదు. దేవయాని చేచ్చి చూపు బేబిచ్చన్ ఒళ్ళోని టికెట్ల కుప్ప మీద పడింది.

"ఏమే, ఇది నేను నేర్పిందే కదా?"

"నువ్వు నేర్పిందే చేచ్చీ" అన్నాను.

ఆమె కుట్టప్పన్ చేతిలోంచి పగ్గం తీసి, చుట్ట చుట్టి, అతని భుజం మీద వేసింది. "పోయిరా నాయనా, చాయ తాగి పో." ఆ తర్వాత కొట్టం వైపు తిరిగింది.

"అమ్మిణీ."

ఆవు నమలడం ఆపి తల తిప్పింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. సులోచన కూడా ఏడ్చింది, తర్వాత మాత్రం దుమ్ము పడిందని బుకాయించింది.

బేబిచ్చన్ కొట్టుకు మనిషిని పంపి పుస్తకం తెప్పించాడు. అయిషా బీవి దాన్ని ముందు అమ్మిణి ముందు పెట్టింది. అమ్మిణి ఒకసారి వాసన చూసి మూతి తిప్పేసుకుంది. అప్పుడు దాణా ఉడికే పొయ్యిలో పెట్టాం, నూట నలభై నంబర్లూ కాలిపోయాయి. బేబిచ్చన్ మా మాటలన్నీ ఒప్పుకున్నాకే మా టికెట్లు మేం వెనక్కి తీసుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఆ సందులో ఎవరు మొదలెట్టారో తెలియదు, ఆరుగురం పిడికిళ్ళెత్తి ఇంక్విలాబ్ అంటూ నడిచాం. ఏ ఎన్నికల ఊరేగింపో అనుకుని జనం తలుపులు తీసి చూశారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను అంత గట్టిగా అరవడం అదే మొదలు. గొంతు రెండు రోజులు పనిచేయలేదు, నాకు లెక్కే లేదు.

మేం టికెట్లు అమ్మడం మానలేదు. పొట్టలున్నాయి, వేరే పని లేదు, ఆ సంగతి దాచి గొప్పలు పోను. ఫోన్ చేసి నంబర్ వచ్చిందని చెప్పడం మాత్రం మానేశాం. శనివారం పొద్దున టైల్స్ పని చేసే శశాంకన్ నా బల్ల ముందుకొచ్చి, ఏమీ కొనకుండా, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం కావాలి శశాంకా?"

"చేచ్చీ, నా మీద కూడా హర్తాళ్ చేయండి."

చేశాం. వారంలో అలాంటివాళ్ళు ఏడుగురయ్యారు. ఇద్దరిని పెళ్ళాలు చెవి పట్టుకుని తెచ్చారు, ఐదుగురు తమంతట తామే వచ్చారు. వాళ్ళు ఎదురుగా వస్తే ఆరు బల్లల మీదా తువ్వాళ్ళు పరుచుకుంటాయి, వాళ్ళే ముందుగా నవ్వుతారు.

డ్రా రోజు మధ్యాహ్నం రెండు గంటలకు జంక్షన్‌లో నిలబడి నంబర్లన్నీ విన్నాను. మొదటి బహుమతి నుంచి ఆఖరు బహుమతి దాకా రెండుసార్లు చూసుకున్నాను. 2184 దరిదాపుల్లో కూడా లేదు. బల్ల సులోచనకు అప్పగించి, ఫలితాల కాగితం పట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తాను. ఈ వయసులో అలా పరుగెత్తడం చూసి ఆటోవాళ్ళు ఎవరో పోయారనుకున్నారట.

దేవయాని చేచ్చి పాలు పితుకుతోంది. నా చేతిలో కాగితం చూసి కూడా చేతులాపలేదు.

"చేచ్చీ, ఫలితాలు..."

"చెప్పకు."

"ఒక్క మాట విను, అది..."

"చెప్పకు వత్సలా. తగిలితే ఏడవాలి, తగలకపోతే నీకు దండం పెట్టాలి. రెంటికీ నాకు తీరిక లేదు. సొసైటీ బండి వచ్చే వేళయింది, ఆ క్యాన్ అందుకో."

కాగితం మడిచి జాకెట్‌లో దోపుకుని క్యాన్ అందుకున్నాను. ఆమె ఈనాటి వరకూ అడగలేదు, నేను చెప్పలేదు. క్యాన్ నిండాక ఇద్దరం చెరో పక్క పట్టుకుని రోడ్డు దాకా మోసుకెళ్ళాం.